రీబిల్డ్ తర్వాత పాత లారీ ఇంజిన్ సాఫీగా నడవకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ దించి, లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేయించి, మళ్లీ ఎక్కించి సెల్ఫ్ కొడతారు. స్టార్ట్ అవుతుంది. కానీ వణుకుతుంది, మిస్ కొడుతుంది (ఏదో ఒక సిలిండర్ పేలదు), పొగ కక్కుతుంది. ఇంతకంటే పాత ఇంజినే నయమనిపిస్తుంది. ఈ పేజీ అలాంటి బండ్ల కోసం. ఇక్కడ చెప్పేదంతా డీజిల్ కొట్టే మెకానికల్ పంపు ఉన్న, 4 లేదా 6 సిలిండర్లు ఒకే వరుసలో ఉండే పాత డీజిల్ ఇంజిన్ల గురించి. పెట్రోల్ ట్రక్కులకు చివర్లో ఒక ప్రశ్న ఉంది. కామన్ రైల్ ఇంజిన్లకు (అన్ని నాజిళ్లకీ ఒకే ఉమ్మడి పైపు నుంచి డీజిల్ అందేవి) మాత్రం ఇందులోని పైపు వదులు చేసే పరీక్ష పనికిరాదు. ఆ లైన్లలో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. ఇంజిన్ నడుస్తుండగా వాటి జోలికి వెళ్లకూడదు.

అన్నీ కొత్తవే వేశాం కదా, మళ్లీ ఈ గొడవ ఎందుకు?

కొత్త పార్టు ఫెయిల్ కావడం జరగదని కాదు, కానీ అరుదు. రీబిల్డ్ తర్వాత వచ్చే తేడాల్లో ఎక్కువ భాగం బిగింపులో, సెట్టింగులో ఉంటాయి. టాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు), పంపు టైమింగ్ (పంపు ఏ క్షణంలో డీజిల్ కొడుతుందన్నది), నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) కింద వాషర్, డీజిల్ లైన్లో గాలి, తారుమారైన పైపు, ఇలాంటివి. కాబట్టి మొదట వేసుకోవాల్సిన ప్రశ్న "ఏ పార్టు పోయింది?" అని కాదు, "ఏది విప్పి మళ్లీ బిగించారు?" అని.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఇంజిన్ కొత్తదైనా పంపు, నాజిళ్లు పాతవే ఉంచేస్తారు చాలామంది. పాత ఇంజిన్లో ఆరు సిలిండర్లూ సమానంగా నీరసించి ఉన్నప్పుడు ఒక నాజిల్ బలహీనత పైకి తెలియదు. కంప్రెషన్ సరిగ్గా ఉన్న ఇంజిన్లో అదే నాజిల్ స్పష్టంగా బయటపడుతుంది. పైగా పని జరిగినన్ని రోజులూ బండి కదలకుండా ఉంటుంది. ట్యాంకు అడుగున నీళ్లు, మడ్డి చేరతాయి. సెల్ఫ్ కొట్టగానే అదంతా ఫిల్టర్‌కి వస్తుంది.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

తేడా ఒక్క సిలిండర్‌లో ఉందా, అన్నిటిలోనూ ఉందా అన్నది ముందు తేల్చుకోండి. ఇది తేలకుండా స్పానర్ పట్టుకుంటే చీకట్లో వెతకడమే.

ఇంజిన్‌ని స్లో స్పీడ్‌లో వదలండి. నాజిల్ వైపు ఉన్న పైపు నట్టును 17 లేదా 19 స్పానర్‌తో అర చుట్టు వదులు చేయండి. డీజిల్ అక్కడే కారిపోయి ఆ సిలిండర్‌కి అందదు. ఆ సిలిండర్ బాగా పనిచేస్తున్నదైతే ఇంజిన్ సౌండ్ వెంటనే మారుతుంది, వణుకు పెరుగుతుంది, స్పీడ్ పడిపోతుంది. నట్టు బిగించి తర్వాతి దానికి వెళ్లండి. ఏ పైపు వదులు చేసినా పట్టించుకోకుండా ఇంజిన్ అలాగే కొట్టుకుంటోందో, ఆ సిలిండర్ అప్పటికే పనిచేయడం లేదని అర్థం. వరుసగా ఆరూ చూడండి. ఒకటి దొరికిందని ఆపేయకండి, రెండు ఉండొచ్చు.

ఈ పరీక్ష చేసేటప్పుడు కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు ఉండాలి. నట్టు మీద గుడ్డ కప్పండి. కారే చోట వేలు పెట్టి చూడకండి. ఈ పాత పంపుల్లో కూడా ఒత్తిడి 200 బార్ చుట్టుపక్కల ఉంటుంది. సన్నటి చిమ్ము చర్మంలోకి దిగిపోతే పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది కానీ లోపల కండ పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఏం జరిగిందో డాక్టర్‌కి స్పష్టంగా చెప్పాలి.

పైపులు ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి రెండు నిమిషాలలోపు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్ దారిని ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. పనిచేయని సిలిండర్ దారి మిగతావాటికంటే బాగా చల్లగా ఉంటుంది.

ఏ సిలిండరో తెలిసింది. తర్వాత?

ఆ సిలిండర్ నాజిల్ తీసి, బాగా పనిచేస్తున్న సిలిండర్ నాజిల్‌తో మార్చి వేయండి. మిస్సింగ్ నాజిల్‌తో పాటే కొత్త చోటికి వెళ్లిందా? తప్పు నాజిల్‌ది. దాన్ని టెస్టర్ మీద పెట్టించి, సరైన ఒత్తిడి దగ్గర తెరుచుకుంటోందా, పొగమంచులా చిమ్ముతోందా, చివర్లో చుక్క కారుతోందా చూడాలి. కారే నాజిల్ నాక్ కూడా తెస్తుంది, తెల్లపొగ కూడా తెస్తుంది.

మిస్సింగ్ పాత చోటే ఉంటే ముందు టాపెట్, తర్వాత పంపు ఎలిమెంట్ (పంపులో ఆ సిలిండర్‌కి డీజిల్ కొట్టే భాగం), ఆ తర్వాత కంప్రెషన్ చూడండి. ఈ వరుసకి కారణం ఖర్చు, శ్రమ తప్ప మరేం లేదు. టాపెట్ చూడటానికి అరగంట చాలు. అందుకే ముందు అదే.

నాజిల్ మంచిదే, టెస్టర్ మీద బాగానే ఉంది. అయినా ఆ సిలిండర్ దగ్గర చఫ్ చఫ్ మని గాలి వస్తోంది.

నాజిల్ కింద ఉండే రాగి వాషర్ చూడండి. నాజిల్ బయటకి తీసినప్పుడు పాత వాషర్ చాలాసార్లు దాంతో రాదు. హెడ్ రంధ్రం అడుగునే అతుక్కుని ఉంటుంది. మసి పట్టి నల్లబడిపోవడంతో టార్చి వేసి చూసినా అది హెడ్‌లో భాగమే అనిపిస్తుంది. కొన మొనదేలిన కొక్కెంతో అంచు మీద గీస్తే మసి కింద ఎర్రటి రాగి మెరుస్తుంది. దాని మీదే కొత్త వాషర్ వేసి బిగిస్తే రెండు వాషర్లవుతాయి. నాజిల్ కొన ఉండాల్సిన దానికంటే పైకి ఉంటుంది. డీజిల్ పిస్టన్ గుంటలో పడాల్సిన చోట పడదు. ఇంజిన్ మొరటుగా కొట్టుకుంటుంది, పొగ వస్తుంది.

అసలు వాషర్ లేకుండా బిగించినా, వేరే మందం వాషర్ వేసినా ఇదే గొడవ. గ్యాస్ లీకవుతోందో లేదో తెలియాలంటే నాజిల్ చుట్టూ కాస్త డీజిల్ పోసి చూడండి, బుడగలు వస్తాయి. ఇంజిన్ మళ్లీ దించి, హెడ్ విప్పి, చివరికి వాషర్ దగ్గర తేలితే అది కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అందుకే ఇది ముందే చూడమని చెప్పేది.

కాసేపు బాగానే నడుస్తుంది, తర్వాత మిస్సింగ్ మొదలై ఆగిపోతుంది. హ్యాండ్ పంపు కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది.

డీజిల్‌లో గాలి పట్టింది. రీబిల్డ్ తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో ఇది సర్వసాధారణం, పైగా ఎక్కువగా తప్పుదారి పట్టించేది కూడా.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్‌ని ట్యాంకు నుంచి లాగి పెద్ద పంపుకు ఇచ్చేది) దాకా ఉన్న లైన్ పీల్చే లైన్. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటకి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే "ఎక్కడా లీకేజీ లేదు సార్" అన్న మాట నమ్మడానికి లేదు. బాంజో బోల్టుల వాషర్లు, పగిలిన రబ్బరు హోస్, వదులు క్లిప్పు, ప్రీ-ఫిల్టర్ గిన్నె రబ్బరు, ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్ సీల్, ఇవన్నీ అనుమానితులే. పాత రాగి వాషర్లు మళ్లీ వేసి ఉంటే ముందు వాటిని మార్చండి. వాటి ధర ఎంత, మీ సమయం ఎంత?

ఎయిర్ తీసే పద్ధతి: ఫిల్టర్ మీద బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా ప్రైమర్ కొట్టండి, బిగించండి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర ఇదే చేయండి. చివరగా నాజిల్ పైపులు వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే బిగించండి. ఎయిర్ తీశాక కూడా మళ్లీ వస్తోందంటే ఎక్కడో పీలుస్తోంది. ఆ చోటు పట్టుకోవడానికి ఫీడ్ పంపుకు ముందు ఒక ముక్క పారదర్శక హోస్ పెట్టండి, బుడగలు కంటికి కనిపిస్తాయి. అంతకంటే ఖచ్చితమైన పరీక్ష ఒకటుంది. శుభ్రమైన డీజిల్ క్యాన్ ఎత్తులో పెట్టి దాని నుంచి నేరుగా ఫీడ్ పంపుకు హోస్ ఇవ్వండి. ఇంజిన్ సాఫీగా నడిచిందంటే తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యే ఉంది. ట్యాంకు లోపలి సక్షన్ పైపుకు చిల్లు పడినా ఇలాగే జరుగుతుంది. అప్పుడు ట్యాంకు నిండుగా ఉంటే బాగుంటుంది, సగానికి దిగగానే మిస్సింగ్ మొదలవుతుంది.

ఖాళీగా బాగుండి లోడ్ మీద మాత్రమే మిస్ కొడుతుంటే పంపు మీది ఓవర్‌ఫ్లో వాల్వ్ చూడండి. దాని స్ప్రింగ్ విరిగితే పంపు గ్యాలరీలో ఒత్తిడి నిలవదు.

టాపెట్లు సెట్ చేశామన్నారు. మళ్లీ చూడాలా?

చూడాలి. హెడ్ బోల్టులు రీ-టార్క్ చేస్తే గాస్కెట్ కొంచెం అణుగుతుంది, హెడ్ కిందికి దిగుతుంది, దాంతో పాటే టాపెట్ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వ్ సీటు మీద కూర్చోదు. వేడెక్కే కొద్దీ మిస్సింగ్ పెరుగుతుంది, ఆ తర్వాత వాల్వ్ కాలిపోతుంది. టిక్ టిక్ మని శబ్దం చేసే వదులు టాపెట్ కంటే నిశ్శబ్దంగా ఉండే బిగుతు టాపెట్ ప్రమాదం.

ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరుస) 1-5-3-6-2-4 ఉన్న ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో జతలు 1-6, 5-2, 3-4. ఆరో సిలిండర్ వాల్వులు రెండూ ఒకేసారి కదులుతున్నప్పుడు, అంటే ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్లెట్ తెరుచుకుంటున్నప్పుడు, ఒకటో సిలిండర్ టాపెట్లు సెట్ చేయాలి. క్రాంక్‌ని 120 డిగ్రీలు తిప్పితే రెండోది కదులుతుంది, అప్పుడు ఐదోది సెట్ చేయాలి. అలా వరుసగా వెళ్లాలి. నాలుగు సిలిండర్లకి ఆర్డర్ 1-3-4-2 అయితే జతలు 1-4, 3-2.

గ్యాప్ ఎంత అన్నది ఇంజిన్‌ని బట్టి ఉంటుంది. చాలావాటిలో 0.2 నుంచి 0.5 మి.మీ. మధ్య. ఎగ్జాస్ట్‌ది ఇన్లెట్ కంటే ఎక్కువగా గానీ దానికి సమానంగా గానీ ఉంటుంది. మాన్యువల్లో ఇచ్చిన అంకె చల్లటి ఇంజిన్‌కా, వేడి ఇంజిన్‌కా అన్నది తప్పకుండా చదవండి. ఒక సిలిండర్ టాపెట్ ఎంత తిప్పినా గ్యాప్ సరిపోకపోతే, పుష్‌రాడ్ వంగిందేమో, కప్పులో కూర్చోకుండా పక్కకి తప్పిందేమో చూడండి.

పంపు టైమింగ్ తప్పిందని ఎలా తెలుస్తుంది?

అన్ని సిలిండర్లూ ఒకే రకంగా మొరటుగా ఉంటే మొదటి అనుమానం టైమింగ్ మీదే. టైమింగ్ ముందుకు జరిగితే గట్టి నాక్ వస్తుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఎదురు తన్నినట్టు ఆగుతుంది. వెనక్కి జరిగితే తెల్లపొగ, పుల్లింగ్ లేకపోవడం, సైలెన్సర్ వేడెక్కడం కనిపిస్తాయి.

గేర్ మార్కుల దగ్గర ఒక్క పన్ను తేడా వస్తే ఎంత తప్పుతుందో లెక్క వేయండి. క్రాంక్ గేర్‌కి 28 పళ్లు, క్యామ్ గేర్‌కి 56 పళ్లు ఉన్నాయనుకుందాం. ఒక పన్ను అంటే క్రాంక్ మీద 360ని 28తో భాగిస్తే దాదాపు 13 డిగ్రీలు. ఇంజెక్షన్ మొదలయ్యే చోటు చాలా పాత ఇంజిన్లలో పిస్టన్ పైకి చేరడానికి 10 నుంచి 30 డిగ్రీల ముందు ఉంటుంది కాబట్టి, 13 డిగ్రీల తేడా చిన్నది కాదు. పంపు గేర్ స్లాట్లలో కొద్దిగా తిప్పి సర్దేద్దాం అనుకుంటే చివరిదాకా తిప్పినా సరిపోదు. స్లాట్ ఒక అంచుకి చేరినా ఇంజిన్ ఇంకా అటే కావాలంటోందంటే అది ఒక పన్ను తప్పిందనడానికి మంచి గుర్తు.

ఇంకో రకం తప్పు ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పంపు ఒక చుట్టు తిరుగుతుంది. ఒకటో పిస్టన్ పైన ఉంది కదా అని పంపు పెట్టేస్తే, అది కంప్రెషన్ స్ట్రోకులో పైనుందా, ఎగ్జాస్ట్ స్ట్రోకులోనా? రెండోదైతే పంపు క్రాంక్ లెక్కలో సరిగ్గా 360 డిగ్రీలు తప్పుతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాదు, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వస్తాయి.

ఖచ్చితంగా చూడాలంటే స్పిల్ టైమింగ్ పద్ధతి వాడండి. ఒకటో ఎలిమెంట్ డెలివరీ వాల్వ్ తీసి, అక్కడ వంపు పైపు పెట్టి, క్రాంక్‌ని నెమ్మదిగా నడిచే దిశలోనే తిప్పుతూ, డీజిల్ ధార తెగి చుక్కలుగా మారే క్షణంలో ఫ్లైవీల్ మీద ఏ డిగ్రీ ఉందో చదవాలి. వెనక్కి తిప్పి చదివితే గేర్ల మధ్య సందు వల్ల అంకె తప్పు వస్తుంది. ఇక మార్కు ఫ్లైవీల్ మీద కాకుండా ముందున్న డ్యాంపర్ (క్రాంక్ వణుకు తగ్గించే చక్రం) మీద ఉంటే దాన్ని వెంటనే నమ్మకండి. పాత డ్యాంపర్‌లో రబ్బరు జారి బయటి రింగు తిరిగిపోయి ఉండొచ్చు. నాజిల్ తీసి, డయల్ గేజ్‌తో పిస్టన్ నిజంగా ఎక్కడ పైకి చేరుతోందో చూసుకోండి.

నాజిల్ పైపులు తారుమారు కావా?

ఇన్‌లైన్ పంపులో ఎలిమెంట్లు వరుసలో ఉంటాయి, ఫైరింగ్ ఆర్డర్ పంపు క్యామ్‌లోనే ఉంటుంది. చాలా ఇంజిన్లలో ఒకటో ఎలిమెంట్ ఒకటో సిలిండర్‌కి, రెండోది రెండోదానికి, అలా తిన్నగా వెళ్తాయి. పైపుల వంపులు కూడా అలాగే కుదురుతాయి కాబట్టి తప్పు చేయడం కష్టం. రోటరీ పంపు అలా కాదు. దాని అవుట్‌లెట్లు గుండ్రంగా, ఫైరింగ్ ఆర్డర్ ప్రకారం ఉంటాయి. పైపులు వంచి బలవంతంగా బిగిస్తే రెండు సులువుగా మారిపోతాయి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ చచ్చి ఉంటే ముందు ఇది చూడండి. ఆ తర్వాత ఆ రెండింటి మధ్య గాస్కెట్ సంగతి ఆలోచించండి.

పొగ రంగు చూసి ఏం చెప్పొచ్చు?

తెల్లపొగ కళ్లు మండిస్తే కాలని డీజిల్. టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, కంప్రెషన్ తక్కువ కావొచ్చు, నాజిల్ కారుతుండొచ్చు. తెల్లపొగ తియ్యటి వాసన వేసి రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే కూలెంట్ లోపలికి పోతోంది. చలిలో స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి తగ్గిపోయే తెల్లపొగకి టెన్షన్ పడక్కర్లేదు.

నీలిపొగ ఇంజిన్ ఆయిల్. కొత్త రింగులు కూర్చునేదాకా కొంచెం సహజమే. తగ్గకుండా అలాగే ఉంటే రింగు తలకిందులుగా వేశారేమో, వాల్వ్ సీళ్లు పెట్టలేదేమో, టర్బో ఉంటే దాని సీల్ పోయిందేమో చూడాలి.

నల్లపొగ అంటే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. దీని గురించి కింద విడిగా ఉంది.

నల్లపొగ, పుల్లింగ్ అసలు లేదు.

పంపు కంటే ముందు గాలి దారి చూడండి. హెడ్ తీసి పెట్టినప్పుడు చెత్త పడకుండా ఇన్లెట్ దారుల్లో గుడ్డలు కుక్కుతారు. అందులో ఒకటి లోపలే ఉండిపోవడం ఏ షెడ్డులోనైనా జరిగేదే. మ్యానిఫోల్డ్ విప్పి చేతి వేలితో, టార్చితో ప్రతి దారీ చూడండి. ఎగ్జాస్ట్ బ్రేక్ ఉన్న బండి అయితే దాని సీతాకోకచిలుక వాల్వ్ సగం మూసుకుని ఇరుక్కుందేమో చూడండి. అది ఇరుక్కుంటే సైలెన్సర్ మూసినట్టే. ఎయిర్ ఫిల్టర్, టర్బో హోస్ క్లిప్పులు ఆ తర్వాత.

గాలి దారి బాగుంటే అప్పుడు పంపు. పుల్లింగ్ లేదని ఎవరో మ్యాక్స్ ఫ్యూయల్ స్క్రూ తిప్పేసి ఉండొచ్చు. సీలు తెగి ఉంటే అనుమానం దాదాపు ఖాయం. దాన్ని అంచనాతో వెనక్కి తిప్పకుండా పంపు టెస్ట్ బెంచ్ మీద పెట్టించండి.

అన్ని సిలిండర్లలోనూ కంప్రెషన్ తక్కువగా చూపిస్తోంది. కొత్త రింగులు కదా?

ముందు కొలిచిన పద్ధతి చూసుకోండి. ఇంజిన్ వెచ్చగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, నాజిళ్లన్నీ తీసేయాలి, డీజిల్ కట్ చేయాలి, గేజ్ డీజిల్‌కి తగినది అయ్యుండాలి. పాత డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్లో సాధారణంగా 25 నుంచి 30 బార్ దాకా వస్తుంది. మీ ఇంజిన్ అంకె మాన్యువల్లో ఉంటుంది. రింగులు ఇంకా కూర్చోకపోతే కొంచెం తక్కువ రావడం వింత కాదు. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 10 నుంచి 15 శాతం దాటితే ఆ సిలిండర్‌ని పట్టించుకోవాలి.

అన్నీ సమానంగా తక్కువుంటే రెండు కారణాలు వెతకండి. ఒకటి, హెడ్ గాస్కెట్ మందం. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి దానికి తగ్గ గాస్కెట్ వేయాలి. చాలా గాస్కెట్ల అంచున ఉండే గాట్లు, రంధ్రాలు ఆ మందాన్నే చెబుతాయి. ఉన్నదేదో వేసేస్తే కంప్రెషన్ పడిపోతుంది. రెండు, వాల్వ్ సీట్లు మరీ లోతుగా కోసేయడం. వాల్వ్ హెడ్‌లోకి దిగిపోతే దహన గది పెద్దదవుతుంది, చలిలో స్టార్టింగ్ కష్టమవుతుంది. హెడ్ పని చేయించినప్పుడు వాల్వ్ లోతు ఎంత వచ్చిందని అడిగే ఓనర్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

ఒక్క సిలిండరే తక్కువుంటే, దాని పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోకు పైకి తెచ్చి, నాజిల్ రంధ్రం నుంచి గాలి ఎక్కించి వినండి. ఇన్లెట్‌లో బుస్సుమంటే ఇన్లెట్ వాల్వ్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలైతే గాస్కెట్ లేదా హెడ్ పగులు. గాలి ఎక్కించగానే క్రాంక్ ఒక్కసారిగా తిరగొచ్చు కాబట్టి దాని మీద స్పానర్ వదిలేసి ఉండకండి.

మిస్సింగ్ లేదు, అయినా బండి మొత్తం వణుకుతోంది.

సిలిండర్లన్నీ పనిచేస్తున్నాయని పైపు పరీక్షలో తేలిందా? అయితే ఇక డీజిల్ వైపు చూడకండి. ఇంజిన్‌ని రేస్ చేసి ఒక్కసారిగా స్టాప్ లాగండి. డీజిల్ ఆగాక స్పీడ్ దిగుతూ ఉండగా కూడా అదే వణుకు ఉంటే అది బ్యాలెన్స్ సమస్య. క్లచ్ ప్రెజర్ ప్లేటును పాత మార్కు కలపకుండా బిగించడం, ఫ్లైవీల్ వంకరగా కూర్చోవడం, డ్యాంపర్ పోవడం, పిస్టన్లు గానీ కనెక్టింగ్ రాడ్లు గానీ బరువు కలవకపోవడం, ఇవి మామూలు కారణాలు. కొన్ని నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో బ్యాలెన్సర్ షాఫ్టులు ఉంటాయి. వాటి మార్కులు కలపకపోతే అవి వణుకు తగ్గించకపోగా పెంచుతాయి.

స్లో స్పీడ్‌లో మాత్రమే వణికి, రేస్ ఇస్తే సర్దుకుంటే ముందు ఇంజిన్ మౌంటింగులు చూడండి. ఇంజిన్ ఎక్కించినప్పుడు మౌంటింగ్ మెలితిరిగి బిగిసిపోతే వణుకు నేరుగా ఛాసిస్‌కి వస్తుంది. బోల్టులు వదులు చేసి, ఇంజిన్ నడిపి, అది తనంతట తాను కూర్చున్నాక మళ్లీ బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

ఐడిల్‌లో స్పీడ్ పైకీ కిందికీ ఊగుతోంది.

గాలి ఉందేమో ముందు చూడండి. లేకపోతే పంపు ర్యాక్ (డీజిల్ ఎంత పోవాలో మార్చే కడ్డీ) బిగుసుకుని ఉండొచ్చు, లేదా గవర్నర్ (స్పీడ్‌ని అదుపులో ఉంచేది) సెట్టింగ్ తప్పి ఉండొచ్చు. పంపు చాలాకాలం ఖాళీగా పడి ఉంటే ర్యాక్‌కి తుప్పు, జిగురు పడుతుంది.

స్టార్ట్ చేయగానే స్పీడ్ తనంతట తానే పెరిగిపోతే ఏం చేయాలి?

ర్యాక్ ఫుల్ దగ్గర ఇరుక్కుంటే గానీ, ఇంజిన్ తన ఆయిల్‌నే పీల్చి కాలుస్తుంటే గానీ ఇలా జరుగుతుంది. మొదటిసారి స్టార్ట్ చేసేముందే దీనికి సిద్ధంగా ఉండాలి. ఎయిర్ హోస్ తీసి ఉంచి, ఆ మూతిని పూర్తిగా కప్పేంత చదునైన గట్టి చెక్క గానీ రేకు గానీ పక్కనే పెట్టుకోండి. స్టాప్ లాగినా ఆగకపోతే గాలి దారి మూసేయండి. చేత్తోనూ, గుడ్డతోనూ మూయకండి, ఆ పీల్పుకి లోపలికి లాగేస్తుంది. ఇంజిన్ పక్కన ఎవరినీ నిలబడనివ్వకండి.

రన్నింగ్-ఇన్‌లో ఎలా నడపాలి?

గంటల తరబడి ఐడిల్‌లో వదలడం మంచిదని ఒక నమ్మకం ఉంది. అది నష్టమే చేస్తుంది. రింగులు లైనర్ గోడకి అతుక్కుని కూర్చోవడానికి వాటి వెనక గ్యాస్ ఒత్తిడి కావాలి. లోడ్ లేకుండా నడిపితే లైనర్ మీది హోనింగ్ గీతలు అద్దంలా నునుపెక్కి, రింగులు ఎప్పటికీ కూర్చోవు, ఆయిల్ తాగుతూనే ఉంటుంది. ఆయిల్ ప్రెజర్, నీళ్ల వేడి సరిగ్గా ఉన్నాయని చూసుకుని, వెచ్చబడగానే మధ్యస్థ లోడ్‌తో, స్పీడ్ మారుస్తూ నడపండి. ఫుల్ లోడ్ వద్దు, టాప్ గేర్‌లో గుంజుడూ వద్దు. మొదటి ఆయిల్‌ని మాన్యువల్ చెప్పినంత త్వరగా మార్చి, పాత ఫిల్టర్ కోసి కాగితం మడతల్లో లోహపు పొడి ఎంతుందో చూడండి. కొంచెం నలుసు సహజం. మెరిసే రేకులు కనిపిస్తే బండి ఆపాలి.

హెడ్ బోల్టులు మళ్లీ టార్క్ చేయాలా?

పాత ఇంజిన్లలో చాలావాటికి అవసరం. కానీ డిగ్రీల లెక్కన సాగదీసి బిగించే బోల్టులు ఉన్నవాటికి చేయకూడదు. మీది ఏ రకమో తెలియకుండా స్పానర్ పెట్టకండి.

మాది పెట్రోల్ ట్రక్కు. ఇవన్నీ వర్తిస్తాయా?

టాపెట్, కంప్రెషన్, బ్యాలెన్స్ విషయాలు వర్తిస్తాయి. మిస్సింగ్ దగ్గర మాత్రం దారి వేరు. డిస్ట్రిబ్యూటర్ అర చుట్టు తేడాతో పెట్టారేమో, ప్లగ్ వైర్లు మారాయేమో ముందు చూడండి. V8లో ఆర్డర్ కంపెనీని బట్టి మారుతుంది. పాత షెవ్రోలే స్మాల్ బ్లాక్‌లో 1-8-4-3-6-5-7-2 అయితే, ఫోర్డ్ 302లో 1-5-4-2-6-3-7-8, అదే ఫోర్డ్ 351 విండ్సర్‌లో 1-3-7-2-6-5-4-8. 302లో 351 క్యామ్ వేసి పాత ఆర్డర్‌లోనే వైర్లు పెట్టేస్తే కొన్ని సిలిండర్లు పనిచేసి, కొన్ని కార్బురేటర్‌లోకి వెనక్కి తన్నుతాయి.

తర్వాత వాక్యూమ్ లీకు. మ్యానిఫోల్డ్‌కి గేజ్ పెడితే మంచి ఇంజిన్ సముద్ర మట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కన) మధ్య కదలకుండా చూపిస్తుంది. ముల్లు తక్కువలో నిలిచిపోతే లీకు గానీ వెనకబడిన టైమింగ్ గానీ, లయగా పడి లేస్తుంటే ఒక వాల్వ్. ఫ్లాట్ టాపెట్ క్యామ్ కొత్తది వేస్తే మొదటి 20, 30 నిమిషాలు ఐడిల్‌లో వదలకుండా 2000 ఆర్‌పీఎం చుట్టుపక్కల నడపాలి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయాలి. లేకపోతే క్యామ్ లోబ్ అరిగిపోయి, ఆ సిలిండర్ ఇంకెప్పటికీ సరిగా కొట్టదు.

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆపేయాలి?

ఆయిల్ ప్రెజర్ పడిపోవడం, స్పీడ్‌తో పాటు పెరిగే లోతైన దబదబ శబ్దం, ఆయిల్‌లో పాలలాంటి రంగు, బ్రీదర్‌లోంచి (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) ఆవిరి యంత్రంలా పొగ కొట్టడం, ఆయిల్ లెవెల్ తనంతట తానే పెరగడం. చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆయిల్ పెరిగిందంటే అందులో డీజిల్ గానీ నీళ్లు గానీ కలుస్తున్నాయి. ఫీడ్ పంపు డయాఫ్రం, పంపు సీల్, కారే నాజిల్, లైనర్ అడుగు రబ్బరు రింగులు, వీటిలో ఏదో ఒకటి. డిప్‌స్టిక్ వాసన చూడండి, డీజిల్ అయితే ముక్కుకే తెలుస్తుంది. నీళ్లయితే బండిని రాత్రంతా వదిలేసి, పొద్దున సంప్ ప్లగ్ కొద్దిగా వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి. అలా వచ్చిన ఇంజిన్‌ని టోయింగ్ చేసి తీసుకెళ్లాలి తప్ప నడిపి కాదు.